డబుల్ స్టాండు చరిత్ర: బండిని లేపి నిలబెట్టే పని ఎవరి చేతిలో ఉండేది?

రెండు చక్రాల బండికి స్టాండు చేసే పనులు రెండు. మొదటిది, ఆగిన బండి పక్కకి ఒరిగి పడకుండా కాయడం. దానికి ఒంటికాలి సైడ్ స్టాండు చాలు. రెండోది, కనీసం ఒక చక్రాన్ని నేల నుంచి పైకి లేపి పట్టుకోవడం. పంచరు వేయాలన్నా, చెయిన్ బిగించాలన్నా, బ్రేకు లైనర్లు మార్చాలన్నా, చక్రంలో బేరింగు అరిగిందేమో చూడాలన్నా చక్రం గాల్లో ఉండి, చేత్తో తిప్పితే తిరగాలి. నూట ఇరవై ఏళ్లలో ఈ రెండో పని చాలా చేతులు మారింది. తొలినాళ్లలో ఆ ఏర్పాటు బండితోనే వచ్చేది. ఆ తర్వాత అది మెకానిక్కు షెడ్డుకీ, కంపెనీ సర్వీస్ సెంటర్ ర్యాంపు మీదకీ పోయింది. ఇప్పుడు విడిగా డబ్బు పెట్టి కొనే పరికరంగా మళ్లీ ఇంటి షెడ్డులోకి వస్తోంది.

1885లో జర్మనీలోని కాన్‌స్టాట్‌లో గాట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాక్ కలిసి చేసిన చెక్క ఫ్రేము బండికి స్టాండు అవసరమే రాలేదు. రెండు పక్కలా చెరో చిన్న చక్రం ఉండడంతో అది ఆగినా నిలబడేది. 1894లో మ్యూనిక్‌లో హిల్డెబ్రాండ్, వోల్ఫ్‌ముల్లర్ సంస్థ అమ్మకానికి తయారుచేసిన మోటార్ సైకిల్‌కి ఆ పక్క చక్రాలు లేవు. ఇరవయ్యో శతాబ్దం మొదటి పదేళ్లలో యూరప్‌లో వచ్చిన మోటార్ సైకిళ్లలో ఎక్కువ భాగం ఇంజను బిగించిన సైకిళ్లే. పెడళ్లు ఉండేవి, ఇంజను నుంచి వెనక చక్రానికి తోలు బెల్టు ఉండేది. క్లచ్ ఉండేది కాదు. ఇంజను తిరిగితే చక్రం తిరగాల్సిందే, చక్రం ఆగితే ఇంజను ఆగాల్సిందే. అలాంటి బండిని స్టార్ట్ చేయడానికి ముఖ్యంగా రెండు దారులుండేవి. పక్కన పరుగెత్తుతూ తోసి, ఇంజను అందుకోగానే ఎగిరి ఎక్కాలి. లేదా వెనక చక్రాన్ని పైకి లేపి, సీటు మీద కూర్చుని పెడళ్లు తొక్కాలి.

ఆ రెండో దారి కోసమే వెనక స్టాండుకి గిరాకీ వచ్చింది. వెనక చక్రం ఇరుసుకి అటూ ఇటూ కీలు మీద వేలాడే ఇనప చట్రం అది. ప్రయాణంలో దాన్ని పైకి మడిచి వెనక మడ్‌గార్డు చివర క్లిప్పుకి తగిలించేవారు. బండి ఆపాక క్లిప్పు తీసి చట్రాన్ని నేలకు దింపి, బండిని వెనక్కి లాగితే చట్రం నిటారుగా నిలబడి చక్రాన్ని లేపేది. అంటే బండిని లేపే సాధనం మొదట్లో రిపేరు కన్నా ఇంజను స్టార్ట్ చేయడానికే ఎక్కువ పనికొచ్చింది. బ్రిటన్‌లో ఆల్ఫ్రెడ్ స్కాట్ తన బళ్లకు కాలితో తన్నే కిక్ స్టార్టర్ పెట్టాక, క్లచ్, గేరు బాక్సు అన్ని బళ్లకీ వచ్చాక ఆ అవసరం తీరిపోయింది. స్టాండు మాత్రం పోలేదు. అప్పటికి పంచర్ల బాధ దాన్ని నిలబెట్టింది.

గుర్రపు బళ్లు తిరిగే మట్టిరోడ్ల నిండా లాడం మేకులు రాలి ఉండేవి. మోటార్ సైకిల్ మీద దూరం వెళ్లేవాడు ట్యూబు అతికించే సామాను వెంట లేకుండా బయల్దేరేవాడు కాదు. పంచరు వెనక చక్రానికైతే వెనక స్టాండు ఉంది. ముందు చక్రానికైతే? దానికీ బ్రిటిష్ తయారీదారులు ఒక మంచి ఉపాయం చేశారు. ముందు మడ్‌గార్డుని కింద నుంచి పట్టి ఉంచే కమ్మీని కొంచెం దిట్టంగా చేసి, దాని బోల్టు వదులు చేస్తే కిందికి తిరిగి స్టాండుగా నిలబడేలా అమర్చారు. మామూలుగా మడ్‌గార్డు ఆధారం, అవసరం పడితే ముందు స్టాండు. 1920లు, 30ల నాటి బ్రిటిష్ బళ్లలో ఈ ఏర్పాటు విరివిగా కనబడుతుంది. ఏ రోడ్డు పక్కన ఆగినా, ఏ సాయం దొరక్కపోయినా, రెండు చక్రాల్లో దేన్నయినా మనిషి ఒక్కడే ఊడదీసుకోగలిగేవాడు. రిపేరు సౌకర్యం విషయంలో ఆ కాలం బళ్లకు ఇప్పటి బళ్లు సాటిరావన్నది నిస్సంకోచంగా చెప్పొచ్చు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ గుణమే సైన్యాలకు అక్కరకొచ్చింది. బీఎస్‌ఏ సంస్థ బ్రిటిష్ సైన్యానికి ఎం20 బళ్లను లక్షకు పైగా చేసి ఇచ్చింది. పెద్దగా వేగం లేని బండి, బరువు కూడా ఎక్కువే. కానీ ఎడారిలోనైనా బురదలోనైనా సైనికుడు తనంతట తాను లేపి బాగుచేసుకోగలిగేంత సరళమైన బండి.

వెనక స్టాండుని పక్కకి నెట్టింది సస్పెన్షన్. పాత బళ్లలో వెనక చక్రం ఫ్రేముకి గట్టిగా బిగించి ఉండేది, స్ప్రింగులు సీటు కిందే ఉండేవి. యుద్ధం తర్వాత వెనక చక్రానికీ స్ప్రింగులు వచ్చాయి. 1949 నాటి రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ వెనక చక్రం స్వింగ్ ఆర్మ్ అనే కీలు చేయి మీద కిందికీ పైకీ కదిలేది. కదిలే ఇరుసు దగ్గర స్టాండు కీలు పెట్టడం కుదరదు. ఫ్రేము చివర పెడితే బండి లేచినా చక్రం కిందికి జారుతుంది కాబట్టి స్టాండు ఇంకా పొడుగ్గా ఉండాలి, లేపడానికి ఇంకా బలం కావాలి. దాంతో స్టాండు ఇంజను వెనక, ఫ్రేము అడుగుభాగానికి చేరింది. అంతకు ముందే కొన్ని బళ్లలో ఉన్న ఈ నడిమి స్టాండు, 1950ల కల్లా మామూలు అలవాటయింది. తెలుగునాట అందరూ డబుల్ స్టాండు అనేది దీన్నే.

డబుల్ స్టాండు పైకి చూడ్డానికి రెండు కాళ్ల ఇనప ముక్క. దాని పనితనం మాత్రం తూకంలో ఉంది. కీలు బండి బరువు కేంద్రానికి దగ్గరగా ఉంటుంది. పక్కకి పొడుచుకొచ్చిన తొక్కుడు కొమ్మని పాదంతో అదిమితే ముందు రెండు కాళ్లూ నేలకు ఆనాలి. రెండూ సమంగా ఆనాయని పాదానికి తెలిసిన తర్వాతే మనిషి తన ఒంటి బరువంతా ఆ కొమ్మ మీద వేయాలి. అప్పుడు స్టాండు కాళ్ల వంపు మీద బండి దొర్లినట్టుగా వెనక్కి, పైకి లేస్తుంది. నిట్టనిలువు గీతని కొద్దిగా దాటి, ఆపుడు ముక్కకు తగిలి ఆగుతుంది. ఆ కొద్దిపాటి దాటడమే తాళం. ఇక బండి బరువే స్టాండుని వెనక్కి మడవనివ్వదు. స్ప్రింగు ఆ స్థితిని గట్టిపరుస్తుంది. దీంట్లో చేతుల పని బండిని నిటారుగా పట్టుకోవడం వరకే, లేపేది కాలు. చేతులతో వెనక్కి గుంజేవాళ్లకే నడుం పడుతుంది. వెనక చక్రం కింద బొటనవేలి మందం చెక్కపలక ఒకటి పెట్టి, చక్రాన్ని దాని మీదకి ఎక్కించి తొక్కితే సగం శ్రమ తప్పుతుంది. పాత మెకానిక్కులందరికీ తెలిసిన కిటుకు ఇది.

అమెరికా దారి వేరు. హార్లే డేవిడ్‌సన్, ఇండియన్ వంటి భారీ బళ్లకు అక్కడ సైడ్ స్టాండు ముఖ్యమైంది. బరువైన బండిని ప్రతిసారీ లేపడం కన్నా పక్కకి వాల్చి దిగిపోవడం సుఖం. లేపే పని గ్యారేజీదేనని అక్కడ తొందరగానే తేలిపోయింది.

స్కూటర్ల విషయంలో అసలు మలుపు ఇటలీలో వచ్చింది. పోంటెడేరాలోని పియాజియో విమాన కర్మాగారం యుద్ధంలో బాంబులకు దెబ్బతింది. యుద్ధం ముగిశాక జనానికి చవకైన వాహనం చేద్దామని ఎన్రికో పియాజియో అనుకున్నాడు. ఆ పని అప్పగించింది కొరాడినో దాస్కానియోకి. ఆయన విమానాల ఇంజనీరు. 1930లోనే హెలికాప్టర్ చేసి ఎగిరించిన మనిషి. ఆయనకి మోటార్ సైకిళ్లంటే ఇష్టం లేదు. కూర్చోవడానికి ఇబ్బంది, బట్టలకు మురికి, టైరు పంచరైతే చక్రం ఊడదీయడం పెద్ద తంటా అన్నది ఆయన అభ్యంతరం. 1946 ఏప్రిల్ 23న పేటెంటు కోసం దాఖలైన వెస్పాలో ఈ మూడింటికీ జవాబుంది. ముందు చక్రాన్ని రెండు కొమ్మల ఫోర్కుకి బదులు, విమానం చక్రంలా ఒకే పక్కన చేయి పట్టుకుంటుంది. వెనక చక్రం కూడా అంతే, ఇంజను నుంచి వచ్చే ఇరుసుకి ఒక పక్క నుంచే బిగుస్తుంది. నాలుగైదు నట్లు విప్పితే కారు చక్రంలా రిమ్ము చేతికొస్తుంది. చెయిన్ విప్పక్కర్లేదు, బ్రేకు ముట్టుకోనక్కర్లేదు. వెంట మోసుకెళ్లే స్టెప్నీ బిగించుకుని దారి పట్టొచ్చు.

ఇంత చేసినా లేపే సమస్య పూర్తిగా తీరలేదు. వెస్పా స్టాండు కాలు పెట్టే పలక కింద ఉంటుంది. ఇంజను బరువంతా వెనక ఉంటుంది. కాబట్టి స్టాండు వేసినా వెనక చక్రాన్ని సులువుగా తీయడానికి ఇంకో ఆధారం కావాలి, లేదా బండిని ఒక పక్కకి పడుకోబెట్టాలి. పైగా ఆ బండికి గొట్టాల ఫ్రేము లేదు. ఒంపులు తిరిగిన ఉక్కురేకే ఒళ్లు, రేకే ఎముక. స్టాండు బోల్టులు ఆ రేకుకే ఉంటాయి. వానాకాలం నీళ్లు, సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఆ చుట్టుపక్కలే ముందు తుప్పు పడుతుంది. స్టాండు కాళ్లకు తొడిగే రబ్బరు బూట్లు అరిగిపోయాక, బండి నిలబెట్టిన చోటల్లా గచ్చు మీద రెండు గీతలు పడతాయి. ఆ బూట్లు రెండూ సకాలంలో మార్చడం స్కూటరు సంరక్షణలో అతి చవకైన పని, ఎక్కువమంది పట్టించుకోని పని కూడా.

భారతదేశానికి వెస్పా 1948లో బజాజ్ కుటుంబానికి చెందిన బచ్‌రాజ్ ట్రేడింగ్ కార్పొరేషన్ దిగుమతులతో వచ్చింది. 1959లో స్కూటర్లు ఇక్కడే తయారుచేసేందుకు బజాజ్‌కి ప్రభుత్వ లైసెన్సు దొరికింది. పియాజియోతో ఒప్పందం ముగిశాక, 1972లో చేతక్ వచ్చింది. ఇంకోపక్క బొంబాయిలో ఏపీఐ సంస్థ లాంబ్రెటాలను చేసింది. ఆ వారసత్వమే లక్నోలోని స్కూటర్స్ ఇండియా విజయ్ సూపర్‌గా కొనసాగింది. హైదరాబాద్ శివార్లలోని పటాన్‌చెరులో తయారైన ఆల్విన్ పుష్పక్ కూడా వెస్పా కుటుంబపు స్కూటరే. 1980లలో తెలుగు ఊళ్ల వీధుల్లో అది బాగానే తిరిగింది. మద్రాసులో 1955 నుంచి బుల్లెట్, మైసూరులో 1960ల మొదటి నుంచి జావా, ఆ తర్వాత యెజ్డీ. అన్నిటికీ డబుల్ స్టాండు ఉంది.

ఆ రోజుల్లో స్కూటరు బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి వచ్చేది. చేతక్‌కి ఆ నిరీక్షణ పదేళ్ల దాకా సాగిన సందర్భాలున్నాయి. అలా దొరికిన బండిని ఇంటిల్లిపాదీ కళ్లలో పెట్టుకుని చూసుకోవడంలో ఆశ్చర్యం లేదు. బండితో వచ్చే రెక్సిన్ సంచిలో ప్లగ్గు పానా, రెండు మూడు రెంచీలు, స్క్రూడ్రైవరు ఉండేవి. ఆదివారం పూట వసారాలోనో, ఇంటి ముందు అరుగు పక్కనో డబుల్ స్టాండు వేసి, పక్క డిక్కీ తీసి, ప్లగ్గు విప్పి, పాయింటు మీద పేరుకున్న మసిని గరుకు కాగితంతో గీకడం చాలా ఇళ్లలో మగపిల్లలు నేర్చుకున్న మొదటి మెకానిక్కు పని. ఆ పనికి చక్రం లేపక్కర్లేదు. కేబుళ్లకు నూనె పెట్టడం, సైలెన్సరులో చేరిన మసి కాల్చడం, వెనక టైరు మార్చడం వచ్చేసరికి మాత్రం స్టాండు సరిపోయేది కాదు.

అప్పుడు స్కూటరుని పడుకోబెట్టేవారు. ఇది తీరుగా చేయాల్సిన పని. ముందుగా సీటు కింద ఉన్న పెట్రోలు కొళాయి కట్టాలి. ట్యాంకు నిండుగా ఉంటే మూత దగ్గర చిమ్ముతుంది కాబట్టి పెట్రోలు తక్కువ ఉన్నప్పుడు పెట్టుకోవాలి. నేల మీద పాత టైరో, నాలుగు మడతల గోనెసంచో పరిచి, పక్క డిక్కీ తీసేసి, ఇద్దరు పట్టుకుని నెమ్మదిగా వాల్చాలి. నట్లు మాత్రం బండి ఇంకా నేల మీద నిలబడి ఉన్నప్పుడే అరచుట్టు వదులు చేసి పెట్టుకోవాలి. చక్రం గాల్లోకి లేచాక బిగుసుకున్న నట్టు మీద బలం పెడితే చక్రమే తిరిగిపోతుంది. మళ్లీ నిలబెట్టాక కార్బొరేటరు నిండా పెట్రోలు చేరి ఉంటుంది కాబట్టి కొంతసేపు ఆగి కిక్కు కొట్టాలి.

మోటార్ సైకిల్‌కి వెనక చక్రం డబుల్ స్టాండుతోనే లేస్తుంది. ముందు చక్రానికి, మడ్‌గార్డు కమ్మీ స్టాండు పోయిన తర్వాత, ఇటుకే గతి అయింది. బండిని డబుల్ స్టాండు మీద ఉంచి, ఒకరు వెనక భాగాన్ని కిందికి అదిమితే ముందు చక్రం లేస్తుంది. ఆ సందులో ఇంజను కింద ఇటుకలో, చెక్కదిమ్మో దూర్చాలి. పాత బుల్లెట్ వంటి బళ్లలో ఫ్రేము ఇంజను చుట్టూ పూర్తిగా తిరగదు, ఇంజనే ఫ్రేములో భాగం. ఆధారం నేరుగా ఇంజను పెట్టెకే ఇవ్వాల్సి వస్తుంది. అందుకే చెక్క మేలు. ఆయిల్ డ్రెయిన్ బోల్టు మీద ఆనకుండా చూసుకోవాలి. సిమెంటు దిమ్మలు, బోలు ఇటుకలు ముందుగా ఏ సూచనా ఇవ్వకుండా ఒక్కసారిగా పగిలిపోతాయి. వాటిని ఈ పనికి వాడకూడదు. ఫోర్కులే విప్పాల్సి వస్తే షెడ్డు దూలానికి తాడు వేసి హ్యాండిల్ దగ్గర కట్టి వేలాడదీయడం, స్తోమతున్న షెడ్డయితే చెయిన్ కప్పీతో లాగడం ఆనవాయితీ.

పశ్చిమ దేశాల్లో మెకానిక్కు నిలబడి పనిచేసేవాడు కాబట్టి బండినే నడుం ఎత్తుకి లేపే బల్లలు అక్కడ తొందరగా వచ్చాయి. కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరిగినట్టే, మన దగ్గర కంసాలి నుంచి వడ్రంగి దాకా నేల మీద కూర్చునే పనిచేశారు. స్కూటరు మెకానిక్కు కూడా చిన్న పీట వేసుకుని బండి పక్కన కూర్చున్నాడు. ఇంజను అతని ఛాతీ ఎత్తులో ఉండేది. చక్రం జానెడు లేస్తే అతనికి చాలు. భారతీయ మెకానిక్ షెడ్లలో లిఫ్టు బల్లలు ఆలస్యంగా రావడానికి డబ్బు లేకపోవడం ఎంత కారణమో, ఈ కూర్చునే అలవాటూ అంతే కారణం. దీనికి చెల్లించిన మూల్యం కూడా ఉంది. ముప్పై ఏళ్లు అలా కూర్చుని పనిచేసినవాళ్ల మోకాళ్లని, నడుముల్ని అడిగితే తెలుస్తుంది.

బరువుని ద్రవంతో లేపే విద్య మోటారు వాహనాల కన్నా పాతది. మూసి ఉన్న ద్రవం మీద పెట్టిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని పదిహేడో శతాబ్దంలో పాస్కల్ చెప్పాడు. 1795లో లండన్‌లో జోసెఫ్ బ్రామా ఆ సూత్రంతో హైడ్రాలిక్ ప్రెస్‌కి పేటెంటు తీసుకున్నాడు. 1851లో న్యూయార్క్‌లో రిచర్డ్ డజన్ చేత్తో మోసుకెళ్లగల హైడ్రాలిక్ జాకీకి పేటెంటు పొందాడు. కార్లను గాల్లోకి లేపే హైడ్రాలిక్ లిఫ్టు 1920లలో అమెరికాలోని మెంఫిస్‌లో పుట్టింది. పీటర్ లునాటి అనే మెకానిక్కుకి ఆ ఆలోచన మంగలి షాపు కుర్చీని చూసి వచ్చింది. కుర్చీలో కూర్చున్న మనిషిని మీట నొక్కి లేపగలిగితే కారునెందుకు లేపకూడదన్నది అతని లెక్క. 1925లో పేటెంటు వచ్చింది. అదే సూత్రం తర్వాత మోటార్ సైకిళ్ల బల్ల లిఫ్టులకూ వచ్చింది. కత్తెర కాళ్ల మీద పలక, దాని ముందు చక్రాన్ని పట్టే బిగింపు, కాలితో కొట్టే పంపు లేదా గాలి ఒత్తిడి. బండి పలక ఎక్కాక సుమారు ముప్పావు మీటరు పైకి లేస్తుంది.

మన దగ్గర ఈ బల్ల ర్యాంపు అనే పేరుతో కంపెనీ సర్వీస్ సెంటర్లలో స్థిరపడింది. 1984లో కైనెటిక్ హోండా, 1985లో హీరో హోండా సీడీ100 వచ్చాక ద్విచక్ర వాహనాల అమ్మకాలు పెరిగాయి. నిర్ణీత కిలోమీటర్లకు ఉచిత సర్వీసు, కూపన్ల పుస్తకం, రోజుకి ఎన్ని బళ్లు దింపాలన్న లెక్క వచ్చాయి. వరసగా ర్యాంపులు, ఒక్కో ర్యాంపుకి ఒక టెక్నీషియన్. పని వేగం పెరిగింది, మెకానిక్కుకి నడుం నొప్పి తగ్గింది. అదే సమయంలో బండి యజమాని గాజు తలుపు అవతల సోఫాలో కూర్చోవడం మొదలైంది. సీడీ100 చెయిన్‌ని చుట్టూ మూసేసిన కవరు కూడా ఈ మార్పుకి తోడయింది. దుమ్ము పడదు, తరచూ నూనె పెట్టక్కర్లేదు. వినియోగదారుడికి అది నిజంగా మేలే. ఆ మేలుతో పాటు బండి కిందికి తొంగిచూసే అలవాటు తప్పిపోయింది.

స్టాండు మళ్లీ ఇంట్లోకి వచ్చింది పందేల బాటలో. రేసు బండికి ప్రతి కిలో బరువూ భారమే. మలుపులో బండి వాలినప్పుడు డబుల్ స్టాండు నేలకు గీసుకుంటే ప్రాణాపాయం. అందుకని రేసు బళ్లకు స్టాండ్లు తీసేసి, విడిగా నేల మీద ఉంచే స్టాండు మీద బండిని లేపడం మొదలైంది. అదే ప్యాడక్ స్టాండు. యూ ఆకారపు ఉక్కు గొట్టం, కింద రెండు చిన్న చక్రాలు, వెనక పొడుగాటి పిడి. స్వింగ్ ఆర్మ్‌కి రెండు పక్కలా బిగించిన బాబిన్లనే బుడిపెల కింద కొక్కేలు చేర్చి, పిడిని కిందికి నొక్కితే వెనక చక్రం లేస్తుంది. 1980ల చివర హోండా ఆర్‌సీ30కి వెనక చక్రాన్ని ఒకే పక్క నుంచి పట్టుకునే స్వింగ్ ఆర్మ్ పెట్టింది. సుదీర్ఘ పందేల్లో చక్రం చటుక్కున మార్చడం కోసం. దాని స్టాండు కూడా ఒక పక్క నుంచే ఇరుసు రంధ్రంలో దూరుతుంది. స్కూటరు కోసం దాస్కానియో చేసిన ఆలోచనే నలభై ఏళ్ల తర్వాత రేసు బండిలో కనబడింది.

2012లో మన దేశంలో అమ్మకానికొచ్చిన కేటీఎం డ్యూక్ 200కి డబుల్ స్టాండు లేదు. దాని సైలెన్సరు ఇంజను కిందే ఉంటుంది, స్టాండు ఉండాల్సిన చోటు అదే. ఆ తరహా బళ్లు పెరిగేకొద్దీ డబుల్ స్టాండు లేని బళ్లూ పెరిగాయి. కానీ వాటి చెయిన్‌కి మూత లేదు. అయిదొందల కిలోమీటర్లకో, వెయ్యికో ఒకసారి దాన్ని కడిగి లూబ్ కొట్టాల్సిందే. వానలో తిరిగితే ఇంకా ముందే. చక్రం తిప్పకుండా చెయిన్ అంతా శుభ్రం చేయడం కుదరదు. ఆ అవసరమే ప్యాడక్ స్టాండుని కుర్రాళ్ల ఇళ్లకు, అపార్ట్‌మెంట్ సెల్లార్లకు తెచ్చింది.

ఈ స్టాండుతో ఒంటరిగా పనిచేసేవాళ్లు కొన్ని సంగతులు పాటించాలి. లేపేటప్పుడు సైడ్ స్టాండు వేసే ఉంచాలి. కొక్కెం జారినా బండి సైడ్ స్టాండు ఉన్న వైపు పడకుండా అది కాస్తుంది. సెల్లార్ నేల నీళ్లు పారడానికి వాలుగా ఉంటుంది, సమంగా ఉన్న చోటు వెతుక్కోవాలి. ముందు స్టాండు కూడా వాడేటట్టయితే వెనకది ముందు లేపాలి, ముందుది తర్వాత. దించేటప్పుడు ముందుది ముందు. డబుల్ స్టాండు మీద పనిచేసేటప్పుడు బిగుసుకున్న బోల్టుని బండి ముందుకి కదిలేలా తోయకూడదు. ముందుకి తోస్తే స్టాండు మడుచుకుపోతుంది. ముందు బ్రేకు లీవరుని పాత ట్యూబు ముక్కతో గట్టిగా చుట్టి కట్టేస్తే ముందు చక్రం కదలదు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. చెయిన్ శుభ్రం చేయడానికి ఇంజను స్టార్ట్ చేసి గేరులో పెట్టి చక్రాన్ని తిరగనివ్వడం కొందరి అలవాటు. తిరిగే చెయిన్‌కీ స్ప్రాకెట్‌కీ మధ్య గుడ్డ చిక్కుకుంటే వేళ్లు కూడా దాంతో పాటే పోతాయి. చక్రాన్ని చేత్తోనే, నెమ్మదిగా, స్ప్రాకెట్‌కి దూరంగా ఉండి తిప్పాలి.

డబుల్ స్టాండు ఉన్న బళ్లలోనూ అభివృద్ధి ఆగలేదు. ఎక్కువమంది ఆడవాళ్లు, పెద్దవాళ్లు స్కూటర్లు నడపడం మొదలయ్యాక లేపే శ్రమ తగ్గించడం కంపెనీలకు అవసరమైంది. టీవీఎస్ తన స్కూటర్లకు తక్కువ బలంతో లేచే ఈజీ సెంటర్ స్టాండు పెట్టింది. విద్యుత్ స్కూటర్లలో ఇంజను ఆయిల్ లేదు. చక్రంలోనే మోటారు ఉన్నవాటికి చెయిను, బెల్టు కూడా లేవు. కానీ పంచరు మాత్రం వాటికీ పడుతుంది. మోటారు ఉన్న చక్రాన్ని తీయాలంటే వైర్లు విడదీయాలి, చక్రం బరువు కూడా ఎక్కువ. అలాంటి బండిని నిలకడగా లేపి ఉంచే ఆధారం పాత స్కూటర్ల కన్నా ఇంకా ముఖ్యం.

బండిని లేపడం చేతనైతే యజమాని చూసుకోగల సంగతులు చాలా ఉన్నాయి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే బేరింగు వదులు తెలుస్తుంది. తిప్పి వదిలితే బ్రేకు పట్టేస్తోందో లేదో వినబడుతుంది. టైరు చుట్టూ వేలు పెట్టి చూస్తే గుచ్చుకున్న మేకు ట్యూబు దాకా పోకముందే దొరుకుతుంది. చెయిన్ ఎక్కడ బిగుసుకుంటోందో, ఎక్కడ వదులవుతోందో చక్రం తిప్పితేనే కనబడుతుంది. ఈ పనులకు సర్వీస్ సెంటర్ అక్కర్లేదు, పావుగంట చాలు. కొత్త బండి కొనేటప్పుడు మైలేజీ, రంగు, వాయిదాల గురించి అడిగేవాళ్లు దానికి డబుల్ స్టాండు ఉందో లేదో కూడా అడగాలి. లేకపోతే విడిగా బిగించడానికి కంపెనీ స్టాండు దొరుకుతుందేమో, అదీ లేకపోతే స్వింగ్ ఆర్మ్‌కి బాబిన్లు బిగించే రంధ్రాలు ఉన్నాయేమో షోరూంలోనే వంగి చూసుకోవాలి.